బాపు కూర్చుని లేచిన బెంచీ

ఈ మధ్య మా తమ్ముడు పోతే, అతని ఆదరణ కూడికకు మందమర్రి వెళ్లాను. ప్రార్థన అయిపోయి అందరూ భోజనాలకు కూర్చున్నాక, మా పాత ఊరి వాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. నన్ను కాసేపు పరీక్షగా చూసి, "నువ్వు తోలుపని యోహాను బిడ్డవు గదా, ఎస్తేరువు?" అన్నాడు. అవునన్నాను. "మీ బాపు అసుంటి పనోడు మల్ల మా ఊర్ల పుట్టలే. గా దొంగదాన్ని ఎనకేసుకొచ్చి ఊరిడిసిండు గని, ఉంటే మంచిగ బతికేటోడు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతిని ఇంకోసారి చెప్పినట్టు చెప్పి మళ్లీ అన్నం కలుపుకున్నాడు. నేను విస్తరి పక్కకు జరిపాను. ఆ అబద్ధం పుట్టించిన వాళ్లు ఎప్పుడో పోయారు. అబద్ధం మాత్రం అరవై ఏళ్లుగా ఆ ఊళ్లో తింటూ తిరుగుతూ సుఖంగా ఉంది. ఆయనకు అక్కడే, అందరూ వినేట్టే జవాబు చెప్పాను. కానీ ఒక్కడికి చెబితే సరిపోదనిపించింది. అందుకే రాస్తున్నాను. ఎవరి పరువు పోతుందో, ఎవరి మనుమలు నొచ్చుకుంటారో అన్న ఫికర్ ఈ వయసులో నాకు లేదు.

మా ఊరు పెద్దపల్లి నుంచి పొద్దున బయలుదేరితే ఎండెక్కే వేళకు చేరుకునేంత దూరం. మాదిగవాడలో చివరి ఇల్లు మాది. ఇంటి వెనక లంద, అంటే తోళ్లు నానబెట్టే గుంట. సున్నం నీళ్ల వాసన, దంచిన తంగేడు చెక్క వాసన, పచ్చితోలు వాసన కలిసి మా గోడలకు, దుప్పట్లకు, అవ్వ చీర కొంగుకు పట్టి ఉండేవి. నేను కరీంనగర్‌లో మిషను హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. సెలవుల తర్వాత నా పెట్టె తెరిస్తే పక్క మంచం పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నేను మూత వేసేదాన్ని కాదు. అది మా బాపు వాసన. బాపు చేతులు మణికట్టు దాకా తంగేడు రంగులో ఉండేవి, ఎంత తోమినా పోయేది కాదు. వానలకు ముందు రైతులంతా బావి నీళ్లు తోడే తోలు మోట బొక్కెనల కోసం మా ఇంటికే వచ్చేవాళ్లు. కుట్టడం అయిపోయాక బొక్కెన నిండా నీళ్లు పోసి, దాన్ని వేపకొమ్మకు వేలాడదీసి, కింద గొంతుకూర్చుని చూస్తూ ఉండేవాడు. ఒక్క చుక్క జారినా ఆ కుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. రైతు తొందరపెట్టినా వినేవాడు కాదు.

బాపు అసలు పేరు ఎల్లయ్య. బాప్తిస్మం తీసుకున్నాక యోహాను అయ్యాడు. ఆ పేరంటే ఆయనకు ఎంత ఇష్టమో చెప్పలేను. కానీ మా వాడ దాటితే ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఊరి రైతులకు ఎల్లయ్య, గడిలో వాళ్లకు ఎల్లిగాడు. గడి అంటే దొర ఉండే పెద్ద కోటలాంటి ఇల్లు. పోలీసు యాక్షన్ అయిపోయి, వెట్టి పోయిందని హైదరాబాదులో ఎవరెవరో ప్రకటించినా, మా వాళ్లు గడి ముందు నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకోవడం మానలేదు. మానమని చట్టం చెప్పింది కానీ కాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అవ్వకు, అంటే మా అమ్మకు, చదువు రాదు. పేరు సారమ్మ. పొద్దున్నే అందరం అంబలి తాగాక, పనికి పోయేముందు నాతో బైబిలు చదివించుకునేది. చీపురు చేతిలో ఉంటే చీపురుతోనే, చాట ఉంటే చాటతోనే అలా నిలబడిపోయి వినేది. నేను బద్ధకించి ఒక వరుస దాటేస్తే పట్టేసేది. కీర్తనల్లో మొట్టమొదటిది ఆమెకు మరీ ఇష్టం. చెడు తలచే వాళ్ల జోలికి పోనివాడు ధన్యుడని చెప్పే కీర్తన అది. నేను చదివాక తన మాటల్లో, వేళ్లు మడుస్తూ మళ్లీ నాకే చెప్పేది. "ముందుగాల ఆళ్లతోని నాలుగడుగులు నడుస్తవు. తొవ్వ ఒక్కటే గదా, ఏమైతది అనుకుంటవు. ఎనుక జర ఆగుతవు. ఆగినంక కాళ్లు గుంజుతయి, కూసుంటవు. కూసున్నంక ఆళ్ల మాట నీ నోట్లెకెల్లి వస్తది. గప్పుడు లేసుడు శాన కష్టం బిడ్డా." హాస్టల్లో చింతపండు దొంగిలించే పిల్లల గురించి చెబుతోందని నేను అనుకునేదాన్ని. నాకప్పుడు పన్నెండో పదమూడో ఏళ్లు.

మా వాడ మొదట్లో ఒక గుడిసె ఉండేది. అందులో లచ్చవ్వ ఒక్కతే ఉండేది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే, దొర కోడలు కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న సామానుతో పాటు ఆమెను కూడా తెచ్చారు. అలా వచ్చిన వాళ్లను ఆడబాపలనేవాళ్లు. నీళ్లు తోడడం, కాళ్లు పిసకడం, ఎవరు దేనికి పిలిస్తే దానికి పోవడం. పోలీసు యాక్షన్ అప్పుడు దొర కొన్నాళ్లు ఊరొదిలి పోయాడు. ఆ సందులో లచ్చవ్వ గడి ముందు దర్వాజాలోంచే, పట్టపగలు, చేతులూపుకుంటూ బయటికి వచ్చేసింది. దొర తిరిగొచ్చాక కూడా పోలేదు. పోకపోవడం ఒక ఎత్తు. ఆమె మాట్లాడడం ఇంకో ఎత్తు. నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు అడిగితే, గడిలో ఏ గదిలో ఎవరు తనకు ఏం చేశారో పేర్లు పెట్టి చెప్పేది. ఆమెను చూసి గడిలోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బయటికొచ్చారు. గడికి కడుపుమంట అక్కడ మొదలైంది.

లచ్చవ్వ నన్ను పంతులమ్మా అని పిలిచేది. సెలవులకు వచ్చానంటే చాలు, గుడిసె ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. చుట్ట తాగుతూ, దగ్గుతూ, పెద్దగా నవ్వుతూ పేలు చూసేది. ఆ గుడిసెలో ఒక మట్టికుండ, ఒక సత్తుగిన్నె, ఒక చాప. కళ్లు మూసుకుని కూడా ఆ సామాను మొత్తం నేను లెక్కచెప్పగలను.

ఆ వేసవిలో నేను ఇంటికి వచ్చేసరికి సంగతులు మారి ఉన్నాయి. మా ప్రార్థన గుడిసె పైకప్పు చెదలు తిని కూలేట్టు ఉంది. సంఘపెద్ద దానియేలు తాత దాని కోసం చాలా తిరిగాడు. చివరికి దొర టేకు దూలాలు ఇస్తానన్నాడట. అప్పటి నుంచి దానియేలు తాత రోజూ గడికి పోయి వస్తున్నాడు. ఆదివారం నాడు ఆయన అదే కీర్తన మీద ప్రసంగం చేశాడు. చెడు సావాసమంటే ఏమిటో వివరిస్తూ, గడిలో చెడిపోయి వచ్చిన ఆడదాన్ని మన చాప మీద కూర్చోనిస్తే దేవుడు ఆ చాప మీదికి రాడని చెప్పాడు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. నా వైపు తిరిగి, "ఎస్తేరూ, చదువుకునే పిల్లవు, నీకు మంచిపేరు ముఖ్యం" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. తెల్లారి లచ్చవ్వ ఎప్పటిలాగే, "పంతులమ్మా, రా, తల దువ్వుత" అని పిలిస్తే, విననట్టు ముఖం గోడవైపు తిప్పుకుని పోయాను. ఆమె మళ్లీ పిలవలేదు. ఇన్నేళ్లలో నేను చాలామందిని ఎదిరించాను, చాలామందితో పోట్లాడాను. ఆ ఒక్కసారి ముఖం తిప్పుకున్నందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

అదే వారం గడి గుమాస్తా నర్సింగరావు మా వాడ మొదట్లో నిలబడి, "యోహానూ, ఓ యోహానూ" అని కేకేశాడు. లంద దగ్గర తంగేడు చెక్క దంచుతున్న అవ్వ రోకలి ఆపేసింది. బాపు చేతిలో తోలు కుట్టే ఆరె కింద పెట్టి, ముఖం కడుక్కుని పోయాడు. మొదటి రోజు చెరువుగట్టు మీద ఇద్దరూ మాట్లాడుకుంటూ నడిచారు. మర్నాడు గడి వాకిట్లో నిలబడి, లచ్చవ్వ గురించి వాళ్లు వేసిన పరాచికాలకు బాపు కూడా నవ్వాడని చూసినవాళ్లు చెప్పారు. మూడో రోజు బాపు ఇంటికి వస్తూనే, వాకిట్లోంచే చెప్పడం మొదలుపెట్టాడు. గడి వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారట. కప్పూ సాసరుతో చాయ్ ఇచ్చారట. ఆ కప్పు చెవి ఎంత చిన్నదో, అందులో తన వేలు ఎలా పట్టలేదో చేత్తో చూపించి నవ్వాడు. నేను, తమ్ముడు పడీపడీ నవ్వాం. నేనైతే వాడంతా తిరిగి చెప్పి వచ్చాను.

అవ్వ నవ్వలేదు. "ఏం ముచ్చట వెట్టిండ్రు?" అని అడిగింది.

"ఏం లే. ఊరి ముచ్చట్లు."

"లచ్చవ్వ ముచ్చటేనా?"

బాపు ముఖం నల్లబడింది. "నన్ను కూసోమన్నరే సారా" అన్నాడు. "గా బెంచీని మా అయ్య తుడిసిండు. మా తాత తుడిసిండు. నేను కూసున్న. నీకు తెలుస్తలేదా?"

అవ్వకు తెలియక కాదు. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. కానీ ఒకటే అన్నది. "ఊకె కూసోవెట్టరు. ఏమడుగుతరో సూడు."

రెండు రోజులకే అడిగారు. ఒక కాగితం రాసి ఉంచామని, వచ్చి వేలిముద్ర వేయమని గుమాస్తా కబురు పెట్టాడు. బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. "ఏం రాసిండ్రో జర సదివి చెప్పు బిడ్డా, తెల్వక ఎందుకు వెయ్యాలె" అన్నాడు. ఆయన మంచితనం ఆ ఒక్క మాటలో ఉందని నేను ఎప్పటికీ అనుకుంటాను. వరండాలో దొర పడక్కుర్చీలో ఉన్నాడు. గుమాస్తా, దానియేలు తాత పక్కపక్కన ఉన్నారు. బాపును బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను పక్కన నిలబడ్డాను. గుమాస్తా నాకు కాగితం ఇవ్వడానికి వెనకాడాడు కానీ, దానియేలు తాతే, "మన పిల్లనే, సదవనియ్యుండ్రి" అన్నాడు.

గట్టిగా చదివాను. గడిలో పోయిన వెండిచెంబును, యోహాను అనే నేను, లచ్చవ్వ గుడిసెలో చాప కింద నా కళ్లతో చూశానని రాసి ఉంది.  

"నేను సూడలేదు గదా దొరా" అన్నాడు బాపు.

"సూసినట్టే అనుకో" అన్నాడు గుమాస్తా. "నీకేం ఫికర్ లేదు యోహానూ. ఠాణాకు పిలువరు, కచేరికి పిలువరు. అది ఊరిడిసి పోతది, అంతే. ఊరు సాఫైతది."

"మందిరానికి దూలాలు ఎల్లుండి బండ్లమీద వస్తయి" అన్నాడు దానియేలు తాత, బాపు వైపు చూడకుండా.

గుమాస్తా సిరాడబ్బీ జరిపాడు. బాపు బొటనవేలు పట్టుకుని తనే సిరాలో అద్దాడు. బాపు చెయ్యి వెనక్కి లాక్కోలేదు, ముందుకూ చాపలేదు. ఆ చేతిని చూస్తూ నిలబడలేకపోయాను. గడి మెట్లు దూకి, ఎండలో, చెప్పులు లేకుండా మా లంద దాకా ఒక్క ఉరుకున పరుగెత్తాను. అవ్వకు నేను నాలుగు మాటలు చెప్పానో లేదో, ఆమె రోకలి పడేసి లేచింది. చేతుల నిండా తంగేడు పొడి. చెంగు నడుముకు చుట్టుకుని, బాపు కుట్టిన చెప్పులు తొడుక్కుని నడిచింది. ఆమె వెనక నేను.

గడి దర్వాజా దగ్గర కాపలావాడు, "చెప్పులిడువు" అన్నాడు. అవ్వ వినిపించుకోలేదు. ఆ చెప్పులతోనే వాకిలి దాటి, మెట్లెక్కి, వరండాలో బెంచీ ముందు నిలబడింది. బాపు ఇంకా అలాగే ఉన్నాడు, సిరా అంటిన వేలు గాలిలో పెట్టుకుని. మా అవ్వ బతుకులో ఎప్పుడూ మొగుడి పేరు పెట్టి పిలవలేదు. ఆ రోజు పిలిచింది.

"యోహానూ, లే. ఇంటికి పోదాం."

గుమాస్తా లేచి అరిచాడు. "ఆడిదానివి, చెప్పులేసుకొని గడిలకు..." అవ్వ అతని వైపు తిరగను కూడా లేదు.

బాపు గొణిగాడు. "రాసింది ఆళ్లు సారా. నాది ఉత్త ఏలే గదా."

"గా ఏలుతోనే బొక్కెన కుడుతవు. సుక్క కారితే ఇప్పి మల్ల కుడుతవు. గీ కాగితం ఒక్కసారి కుట్టినంక ఎవ్వలు ఇప్పుతరు?"

దానియేలు తాత మధ్యలోకి వచ్చాడు. "సారమ్మా, మందిరం సంగతి జర ఆలోచించు. దేవుని ఇంటికి దూలాలిస్తమంటున్నరు."

"దేవుడు ఇన్ని దినాలు గడ్డి కిందనే ఉన్నడు తాతా. దూలాలు లేవని ఎన్నడన్న అలిగి పోయిండా?" అన్నది అవ్వ.

అప్పటిదాకా నోరు తెరవని దొర, పడక్కుర్చీలోంచి కదలకుండా, విసుగ్గా ఒక్క మాట అన్నాడు. "ఎల్లిగా, కూసో."

బాపు తల పైకెత్తాడు. ఆ వారమంతా యోహాను అని పిలిచిన నోళ్లలో అది ఎంత తేలిగ్గా తిరిగి వచ్చిందో ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. బెంచీ మీద రెండు చేతులూ ఆనించి, ముసలివాడిలా మెల్లగా లేచాడు. సిరా వేలును తన ధోతికి తుడుచుకున్నాడు. "నేను సూడలే దొరా" అన్నాడు.  మేం ముగ్గురం మెట్లు దిగాం. దర్వాజా దగ్గర విడిచిన చెప్పులను బాపు చేతిలోకి తీసుకోబోయి, అవ్వను చూసి, కాళ్లకు తొడుక్కున్నాడు.

ఇంటికి వెళ్తూ వెళ్తూ అవ్వ లచ్చవ్వ గుడిసె దగ్గర ఆగింది. చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. ఆదివారం నాడు ప్రార్థనకు కూడా తీసుకొచ్చి, అందరి ముందూ చాప మీద తన పక్కనే కూర్చోబెట్టింది. దానియేలు తాత పాట ఆపేశాడు. ఎవరో లేచి పోబోయారు. అవ్వ కూర్చునే మాట్లాడింది. "తాతా, నడుసుడు, నిలవడుడు, కూసునుడు అని నువ్వే సదివి చెప్పినవు. గీ ఎండకాలం ఎవలు ఎవలతోని నడిసిండ్రో, ఎవల వాకిట్ల నిలవడ్డరో, ఎవల బెంచీ మీద కూసున్నరో సంఘమే చెప్పాలె. గీమె ఎన్నడన్న ఎవలకన్న చెడు తలిసిందా? తలిసిందంటే చెప్పుండ్రి, నేనే తోలుకపోత." ఎవరూ చెప్పలేదు. దానియేలు తాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ రోజు ప్రసంగం లేకుండానే కూడిక ముగిసింది. లచ్చవ్వ మాత్రం చివరిదాకా కూర్చుంది.

గడి ఊరుకోలేదు. మాకు తోళ్లు రాకుండా చేశారు. బొక్కెనలు కుట్టమని చెప్పిన రైతులు ఒక్కొక్కరే వచ్చి, తల వంచుకుని, ఇప్పుడు వద్దులే ఎల్లయ్యా అని పోయారు. మేం నీళ్లు తెచ్చుకునే బావికి ముళ్లకంప అడ్డం వేశారు. తొలకరి పడకముందే బాపు ఆరె, కత్తి, నాలుగు గిన్నెలు మూటకట్టాడు. పెద్దపల్లిలో రైలెక్కి, గోదావరి దాటి, బొగ్గుబాయిల్లో పని దొరుకుతుందని విన్న మందమర్రికి పోయాం. లచ్చవ్వ కూడా మాతోనే వచ్చింది. రైల్లో నేను ఆమెకు ఎదురుగా కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. వంతెన మీదికి రైలు ఎక్కాక లేచి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె నా జడ విప్పడం మొదలుపెట్టింది.

ఆ వెండిచెంబు అసలు పోనే లేదు. గడిలో పనిచేసిన ఒకామె తర్వాత మందమర్రికి వలస వచ్చి చెప్పింది. మేం పోయిన నెలకు కూడా ఆ చెంబుతోనే దొరకు స్నానానికి నీళ్లు తోడిందట. ఆ కాగితం మీద తర్వాత ఎవరి వేలు పడిందో నాకు తెలియదు. ఎవరూ లచ్చవ్వను వెతుక్కుంటూ రాలేదు. టేకు దూలాలు మాత్రం ప్రార్థన గుడిసెకు చేరలేదని తెలిసింది. లచ్చవ్వ ఒంటరి కార్మికులకు రొట్టెలు చేసిపెడుతూ, మా క్వార్టరు పక్కనే రేకుల ఇంట్లో, ఎవరికీ తలవంచకుండా బతికి పోయింది. ఆమె సమాధి మీద పేరు రాయించింది నేనే. లక్ష్మమ్మ అని రాయించాను, దొంగ అని కాదు.

ఇప్పుడు మా వాళ్లకు కుర్చీలకు కొదవ లేదు. సభల్లో ముందు వరుసలో వేస్తారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు తీస్తారు. కూర్చోవద్దని నేను అనను. మా తాతలు నిలబడి నిలబడి కాళ్లు వాచి చచ్చారు, మా పిల్లలు కూర్చోవాల్సిందే. కానీ మందిరాల్లో చెడు సావాసం గురించి చెప్పే ప్రసంగాలు వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫలానా వాడతో తిరగొద్దు, మొగుణ్ని వదిలేసిన ఆడదానితో మాట్లాడొద్దు అని పిల్లలకు చెబుతారు. చెప్పేవాళ్ల పక్కనే, పేదల గుడిసెలు పీకించిన మనిషి దండ వేసుకుని కూర్చుని ఉంటాడు. అలాంటి వేదిక మీదికి నన్ను రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ ఎందుకు కూర్చోనో మైకులోనే చెప్పి దిగి వచ్చాను. చెడ్డవాళ్లను బట్టలు చూసి, వాడ చూసి గుర్తుపట్టలేం. నీ పక్కన కూర్చుని ఎవరి మీద రాయి వేయమంటున్నారో చూడాలి. మా అవ్వకు అక్షరం రాకపోయినా ఆ కీర్తనను చదివింది ఆమే. చదవడం వచ్చిన మేమంతా చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం.

నేను టీచరు ఉద్యోగంలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన బాపు క్వార్టరు ముందు కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. ముఖం నిండా బొగ్గు. నీళ్లు పోస్తున్న నాతో ఉన్నట్టుండి అన్నాడు, "గా దినం మీ అవ్వ రాకుంటే నేను ఏలు పెడుదు బిడ్డా. ఎవ్వలకు చెప్పలే. నీకు చెప్తున్న."  చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

లోపల పొయ్యి దగ్గర అవ్వ విననే విన్నది. బయటికి రాకుండానే అన్నది, "పెడుదువో పెట్టకపోదువో నాకెర్క లేదు. నేను పిలిస్తిని, నువ్వు లేస్తివి. పిలిచినా లేవనోళ్లు గా వరండల ఇంకా ఉండిరి."

 బాపు రెండో కాలు ముందుకు చాపాడు. "పొయ్యి బిడ్డా" అన్నాడు. నేను నీళ్లు పోశాను.